నలభై మూడో పేరు

హాజరు పుస్తకం మీద జోగేశ్వరరావుకి ఆ క్షణం వరకూ ఏ అనుమానమూ రాలేదు. ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి ఇన్‌స్పెక్టరైన మనిషికి అనుమానం రాకపోవడమంత పొరపాటు ఇంకోటి ఉంటుందా! ఆ పొరపాటు ఆయనకి సోమవారం పొద్దున్న తొమ్మిదీ పది నిమిషాలకి, నరసాపురం రేవు పక్కనున్న ఆడపిల్లల బడిలో, ఆ పుస్తకంలో ఒక కాగితం తిప్పినప్పుడు తెలిసింది.

తిప్పకముందున్న కాగితంలో పోయిన వారం హాజరు ఉంది. మొత్తం నలభై మూడు పేర్లు. ఆఖరిది పాపాయి, పదకొండేళ్ళ పిల్ల. గురువారం, శుక్రవారం, శనివారం, మూడు రోజులూ ఆ పేరు ఎదురుగా గుర్తులున్నాయి. శనివారం దీపాలవేళకి పిల్ల తల్లి ఊళ్ళో ఎండుచేపలు అమ్ముకుని తిరిగొస్తే పిల్ల లేదు. అంచేత శనివారం బడి వదిలాకే ఏదో జరిగిందని ఆయన అనుకున్నాడు. అనుకుని ఆదివారం పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఇద్దరు జవాన్లని వెంటేసుకుని రేవులో పడవలూ, ధాన్యం కొట్లూ, చెరువు గట్లూ గాలించాడు. కాలి మువ్వ ఒక్కటి కూడా దొరకలేదు.

అలా అనుకోవడానికి ఇంకో బలమైన కారణం ఉంది. శుక్రవారం పదిన్నరకి ఆ పిల్లని ఆయన కళ్ళారా చూశాడు. బడిలో బహుమతుల సభకి ముఖ్య అతిథి ఆయనే. "పాపాయి!" అని పిలిస్తే ఆకుపచ్చ పరికిణీ కట్టుకున్న పిల్ల ముందుకొచ్చింది, బలపం పుచ్చుకుని అందరి ఎదుటా పలక మీద తన పేరు రాసింది, ఆయన చేతుల మీదుగా కొత్త పలక అందుకుంది. అలాంటప్పుడు గురువారం సంగతి ఎవడడుగుతాడు?

ఇప్పుడు కాగితం తిప్పాడు. ఈ వారం హాజరు. సోమవారం నించి శనివారం దాకా నలభై ముగ్గురికీ గుర్తులు పడిపోయి ఉన్నాయి. సిరా ఎప్పుడో ఆరిపోయింది.

"జ్ఞానమ్మగారూ, ఇవాళ ఏం వారమండి?"

"సోమవారమండి" అంది పంతులమ్మ.

"మరి వచ్చే శనివారం పాపాయి బడికొచ్చిందని మీకెలా తెలిసిందండీ?"

జ్ఞానమ్మ నీళ్ళు నమిలింది. నలభై ఏళ్ళుంటాయావిడకి. మొగుడు పోయాక మిషను వాళ్ళ దగ్గర చదువుకుని పంతులమ్మ అయింది. బడి వెనక గదిలోనే కాపురం. వసారాలో పిల్లలు గుణింతం వల్లిస్తున్నారు.

"సోమవారం పొద్దున్నే వారానికంతా ఒక్కసారే పెట్టేస్తానండి" అంది చివరికి. "రేవు పేట పిల్లలండి. ఒకరోజొస్తారు, రెండ్రోజులు తల్లి వెంట చేపలకి పోతారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏనాడూ ముప్ఫై దాటదండి. ముప్ఫై అని రాస్తే బడే ఉండదు."

ఆ మాట నిజమే. రెండేళ్ళ కిందట తాలూకా బోర్డు వాళ్ళు తమ దగ్గర డబ్బు లేదని చేతులెత్తేశారు. బడికి తాళం వేసే రోజు కూడా ఖాయమైంది. అప్పుడు వశిష్ఠ ట్రేడింగ్ కంపెనీ ముందుకొచ్చింది. ఇంటి అద్దె, పంతులమ్మ జీతం, పలకలు, పుస్తకాలు, అన్నీ మావే అంది. అందుకు బదులు గుమ్మం మీద మూరెడేసి అక్షరాలతో కంపెనీ పేరు ఉండాలి, మధ్యాహ్నం పూట పిల్లలు కంపెనీకి లేసు అల్లిపెట్టాలి, బడిలో పిల్లలు నలభైకి ఒక్కరు కూడా తగ్గకూడదు. ఊరంతా కంపెనీ వాళ్ళ దానగుణం చెప్పుకున్నారు. శుక్రవారం సభలో జోగేశ్వరరావు కూడా, "ప్రతి కంపెనీ ఇలాగే ఒక్కో సర్కారు బడిని దత్తు తీసుకుంటే ఈ డెల్టాలో సంతకానికి బదులు నిశానీ వేసేవాళ్ళే మిగలరు" అని ఉపన్యసించాడు. ఆ మాటకి చప్పట్లు బాగానే పడ్డాయి.

"పాపాయి ఎప్పటినించి రావడంలేదు?"

జ్ఞానమ్మ గుమ్మం వైపు చూసింది. అక్కడ మెట్ల మీద పెద్దింట్లమ్మ కూర్చుని ఉంది. పాపాయి తల్లి. ఖాళీ గంప పక్కన పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇన్‌స్పెక్టరుగారు ఉన్నారు గదా అనే ధీమాతో కూర్చుని ఉంది.

"నన్నడక్కండి బాబుగారూ" అంది జ్ఞానమ్మ గొంతు తగ్గించి.

"సరే. పిల్ల పడుకునే చోటు చూపించండి."

పెద్దింట్లమ్మ ఊళ్ళమీదికి వెళ్ళినప్పుడల్లా పిల్లని బడిలోనే వదిలి వెళ్ళేది. వెనక గదిలో మూలన చాప చుట్టి ఉంది. దాని మీద మడతపెట్టిన పాత పరికిణీ. ఆ గోడకే వరసగా మేకులు. ప్రతి మేకుకీ ఒక చిన్న గుడ్డమూట, మూటకో పేరు చీటీ. పిల్లల లేసు పని అందులో ఉంటుంది. జోగేశ్వరరావు ఒక్కొక్క మూటే విప్పి చూడ్డం మొదలెట్టాడు. తెల్లటి నూలు ఉండ, సగం అల్లిన లేసు పువ్వు, ఆ పువ్వులో గుచ్చిన ఇనప సూది. రెండో మూటలోనూ అంతే. మూడోదాంట్లోనూ అంతే. పదిహేడో మూట ముట్టుకుంటే వేళ్ళకి దుమ్మంటింది. విప్పి చూస్తే అందులో సూది లేదు.

నలభై మూడు మూటలూ విప్పేసరికి అరగంట పట్టింది. దుమ్ము పట్టిన మూటలు మూడు. ఆ మూడింట్లోనూ సూదులు లేవు. దుమ్ము పట్టకుండా సూది లేని మూట ఇంకొక్కటే ఉంది. దాని చీటీ మీద పాపాయి అని ఉంది.

"పారిపోయే పిల్ల పరికిణీ వదిలేసి సూది పట్టుకెళ్తుందా అండీ?" అన్నాడు. "పనిలోకి వెళ్ళే పిల్ల పట్టుకెళ్తుంది. నలుగురు పిల్లలు వెళ్ళారు. అవునా?"

ఆయన పాపాయి అల్లిన పువ్వు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పక్కమూటలోని పువ్వు దాని పక్కన పెట్టాడు. రెండూ ఒకే పువ్వు, ఒకే నూలు. అయినా ఏదో తేడా. మిగతా పిల్లల పువ్వుల్లో రేకులన్నీ ఒక పక్కకి తిరిగి ఉన్నాయి. పాపాయి పువ్వులో రేకులు దానికి ఎదురు పక్కకి తిరిగి ఉన్నాయి.

"ఇదేంటండీ, ఇది తిరగబడి ఉంది?"

"దానిది ఎడంచెయ్యండి" అంది జ్ఞానమ్మ. "అల్లడమూ దాంతోనే, రాయడమూ దాంతోనే. ఎన్ని దెబ్బలు కొట్టినా మానలేదు. కుడిచేత్తో బలపం పట్టమంటే ఏడుస్తుందండి, ఒక్క గీత గియ్యలేదు."

జోగేశ్వరరావు చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. శుక్రవారం పదిన్నర. ఆకుపచ్చ పరికిణీ. ఆ పిల్ల ఎడంచేత్తో పలక పొట్టకి ఆనించుకుంది, కుడిచేత్తో మూడక్షరాలు గుండ్రంగా రాసింది. మూడడుగుల దూరంలో కూర్చుని చూశాడు. చూసి "భేష్!" అన్నాడు కూడాను.

ఎవరి పిల్లకో పలక ఇచ్చి, ఆ పిల్లని చూశానన్న ధైర్యంతో ఆదివారమంతా చెరువుల చుట్టూ తిరిగాడన్నమాట! ఆయనకి తనమీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

"ఆ పిల్ల ఎవరు?" అని అరిచాడు.

"నాకు తెలీదండి, దేవుడి తోడు. పెనుగొండ నించి బండి మీద నలుగురు పిల్లల్ని తెచ్చారండి. సభరోజున తలలు తక్కువైతే తేవడం మామూలేనండి. పేర్లు పిలిచింది నేను కాదు, కంపెనీ మనిషి తాతాజీగారు."

ఆ తరవాత ఇంక దాచలేకపోయింది. పనిబాగా వచ్చిన పిల్లల్ని కంపెనీ వాళ్ళు రంగూన్‌లో తమ లేసు పనింటికి పంపిస్తున్నారు. మొదటి ముగ్గురి తల్లిదండ్రులూ చేతిలో నాలుగు రూపాయలు పడగానే నిశానీ వేశారు. పెద్దింట్లమ్మ దగ్గరికి రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ గంప ఎత్తి తరిమింది. గురువారం పొద్దున్న ఏడున్నరకి తాతాజీ వచ్చాడు. "తల్లి ఒప్పుకుంది, అవతలి రేవులో ఉంది, పిల్లని సూదితో సహా పంపు" అన్నాడు. ఎనిమిదింటికి కంపెనీ పడవ కదిలింది. పడవ శనివారానికే కాకినాడ చేరి ఉంటుంది. రంగూన్ ఓడ ఇవాళ సాయంత్రం నాలుగింటికి.

"శనివారం పెద్దింట్లమ్మ వచ్చి నా పిల్లేదండీ అని అడిగిందండి. అప్పుడు తెలిసింది నాకు" అని జ్ఞానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆదివారం నేను వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నలభై మూడులో నలుగురు పోతే ఎంతండీ?"

ముప్ఫై తొమ్మిది. ఆయన పైకి అనలేదు.

"ఇదంతా రాసి సంతకం పెట్టండి. పదిన్నరయింది. ఇప్పుడు తంతి కొడితే ఓడ ఆపొచ్చు."

ఆవిడ కాగితం ముందుకి లాక్కుంది. కలం సిరాలో ముంచింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడయింది.

"రాయండి జ్ఞానమ్మగారూ, రాయండి. చేతిరాత బాగుంటుంది మీది."

తాతాజీ! ఆరేళ్ళు జోగేశ్వరరావు కింద హెడ్డు కానిస్టేబులుగా పనిచేసిన మనిషి. పోలీసు లోగుట్టంతా నేర్చుకుని, ఆ విద్యని ఇప్పుడు కంపెనీకి అమ్ముకుంటున్నాడు. జరీ తలపాగా, చంకలో అట్టవేసిన పుస్తకం.

"నిన్న చెరువులు గాలించారంట గదండీ, పాపం! నాకు కబురు చేస్తే మనుషుల్ని పంపేవాణ్ణి" అన్నాడు చాప మీదున్న పరికిణీ వైపు చూస్తూ.

"గురువారం ఎనిమిదింటి పడవలో పాపాయిని ఎక్కించావు. తల్లి ఒప్పుకోకుండా."

"గురువారమా? రిజిస్టరులో శనివారం దాకా హాజరుంది గదండీ."

"రిజిస్టరు అబద్ధం. పంతులమ్మ చెప్పింది."

"అలాగా?" తాతాజీ ఆవిడ వైపు తిరిగాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో! "అబద్ధమా అండీ? మరి రెండేళ్ళనించీ బోర్డుకి పంపినవన్నీ అబద్ధాలేనా? అయితే కంపెనీ వాళ్ళు ఇవాళే గుమ్మం మీద తమ పేరు దింపించేస్తారు. మీరు జైలుకెళ్తారు. బయట గుణింతం చదువుతున్న పిల్లలు రేపట్నించి రొయ్యలు ఒలుచుకుంటారు. బడికి డబ్బు ఎవరిస్తారండీ? బోర్డు ఇస్తుందా, ఇన్‌స్పెక్టరుగారు జీతంలోంచి ఇస్తారా?"

వసారాలో పిల్లలు ప గుణింతంలోకి వచ్చారు. జ్ఞానమ్మ ఆ గొంతులు వింటూ కలం పక్కన పెట్టేసింది.

"రిజిస్టరులో ఉన్నదే నిజమండి" అంది, గోడకేసి చూస్తూ.

"జ్ఞానమ్మా!" అన్నాడు జోగేశ్వరరావు. ఆవిడ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయింది.

"పోనీండి, పంతులమ్మ మాట వదిలేద్దాం. ఆడమనిషి, బెదిరిపోయింది" అన్నాడు తాతాజీ. "పెద్దమనిషి సాక్ష్యం చూద్దాం." చంకలో పుస్తకం తీసి, సందర్శకుల పేజీ తెరిచి, ఆయన ముందు పెట్టాడు.

రాత జోగేశ్వరరావుదే. "నేటి శుక్రవారమునాడు బడిని దర్శించితిని. బాలికలు నలుబదిముగ్గురును హాజరైయుండగా స్వయముగా చూచితిని. పాపాయి అను బాలిక నా ఎదుట తన పేరు వ్రాసి చూపగా మిక్కిలి సంతోషించితిని." కింద సంతకం. సంతకం కింద హోదా.

శుక్రవారం సభ అయ్యాక ఫలహారాలు పెట్టారు. ఎవరో పుస్తకం తెచ్చి, "నాలుగు ముక్కలు రాయండి" అన్నారు. ఎవరు తలలు లెక్కపెడతారు? పిలిచి పూలదండ వేసినవాళ్ళ పుస్తకంలో నాలుగు మంచి ముక్కలు రాయడం ఈ దేశంలో మర్యాద. తహసీల్దారైనా అంతే, మునసబైనా అంతే. ఆయన కూడా పూతరేకు చేతిలో పట్టుకునే రాశాడు. పుస్తకం అంచున నెయ్యి మరక ఇంకా ఉంది.

"నన్ను అతిథిగా పిలవలేదన్నమాట" అన్నాడు. "సాక్షిగా పిలిచావు."

"మీరు గొప్ప మాటలు రాశారండి. కంపెనీ వాళ్ళు మురిసిపోయి శనివారమే నకళ్ళు తీయించి పంపారు. బోర్డుకొకటి, రాజమండ్రిలో మీ పైవాళ్ళకొకటి, కాకినాడ రేవు పోలీసుకొకటి." తాతాజీ పుస్తకం మూసేశాడు. "పాత ఆఫీసరు గనక చెబుతున్నానండి. ఇందులో వేలు పెట్టకండి. పిల్లకి అక్కడ కడుపునిండా తిండి పెడతారు."

"తల్లి నించి పిల్లని దొంగిలించి తిండి సంగతి చెబుతావా! సిగ్గు లేదురా నీకు?"

తాతాజీ నవ్వు కొంచెం తగ్గింది. "సంతకం మీది. నాది ఎక్కడా లేదు" అని బయటికి నడిచాడు.

పదకొండూ పదికల్లా జోగేశ్వరరావు తంతి ఆఫీసులో ఉన్నాడు. కంపెనీ పడవలో తెచ్చిన పదకొండేళ్ళ పిల్ల, ఎడంచేతి వాటం, తల్లి అంగీకారం లేదు, ఓడ ఎక్కనివ్వవద్దు, అని కాకినాడ రేవు పోలీసుకి తంతి కొట్టించాడు. గుమాస్తా ముసలయ్య తీగ ఖాళీ లేదన్నాడు. పన్నెండున్నరకి గానీ కబురు కదల్లేదు. ఆ తరవాత బల్ల మీద కూర్చుని గోడ గడియారం చూడ్డమే పనైంది. ఒంటిగంట. రెండు. మజ్జిగ తెస్తానని ముసలయ్య అంటే వద్దన్నాడు.

మూడూ ఇరవైకి జవాబొచ్చింది. ముసలయ్య రాసి, చదివి, ఆ కాగితం ఇవ్వడానికి ఒక క్షణం వెనకాడాడు.

"తాము శుక్రవారము నరసాపురంలో స్వయముగా చూచిన బాలిక గురువారము బయలుదేరిన పడవలో ఉండుట ఎట్లు? తమ సంతకముగల నకలు ఇచ్చట ఉన్నది. ఓడ ఆపుటకు ఆధారము చాలదు. రాజమండ్రి ఆజ్ఞ, మరల ఉత్తర్వు వచ్చువరకు తాము ఈ కేసు కాగితములు ముట్టరాదు."

ఇంకా నలభై నిమిషాలుంది. జోగేశ్వరరావు కాగితం లాక్కుని రెండో తంతి రాశాడు. "నా సంతకము తప్పు. నేను చూచినది కుడిచేత వ్రాసిన వేరొక బాలిక. పిల్లని దింపండి." ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తన సంతకం తప్పని ఆయన ఏనాడూ రాయలేదు. ముసలయ్య మీట కొడుతూనే ఉన్నాడు, మధ్యలో రాజమండ్రి తంతివాళ్ళు ఆగమంటున్నారు. మూడూ నలభై అయిదు. మూడూ యాభై. "అందిందా?" అని ఆయన అడగడం, "ఇంకా లేదండి" అని ముసలయ్య అనడం. కబురు అవతలికి చేరిందని గుర్తు వచ్చేసరికి గడియారంలో నాలుగూ పదయింది.

జోగేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్ళాలో తెలియలేదు. చివరికి కాళ్ళు బడి వైపే నడిచాయి.

బడి వదిలేశారు. పెద్దింట్లమ్మ పొద్దున్న కూర్చున్న మెట్టు మీదే ఉంది. పొద్దున్నించి ఏమీ తిన్నట్టు లేదు. అరుగు కింద ఆయన జవాన్లిద్దరూ నిలబడి ఉన్నారు. ఆయన్ని చూడగానే ఆవిడ లేచి కొంగు సర్దుకుంది.

"ఏవన్నా తెలిసిందా అండీ బాబుగారూ?"

"వెతుకుతున్నామమ్మా" అన్నాడు.

"ఎతకండి బాబూ. నాకు బయ్యం లేదండి. శుక్రారం దాకా ఉందంటే ఎంత దూరం పోద్దండీ? మీరే పలకిచ్చారంట గదా! జవానుగారు సెప్పారండి." ఆవిడ రెండు మెట్లు దిగి దగ్గరికొచ్చింది. "ఒక్క మాట అడుగుతానండి, కోప్పడకండి. అంతమంది పెద్దోళ్ళ ముందర ఎడం సేత్తోనే రాసిందా అండీ? దానికదంటే సచ్చేంత సిగ్గండి. పంతులమ్మ కొట్టుద్దని అన్నం తినేటప్పుడు కూడా ఆ సెయ్యి దాసుకుంటాదండి. ఎవరూ నవ్వలేదు గదండీ దాన్ని సూసి?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాడు. ఆ పిల్ల మీ పాపాయి కాదమ్మా, మీ పాపాయిని ఓడ ఎక్కించేశారమ్మా, నావల్ల కాలేదమ్మా అని. ఆవిడ మొహంలోకి చూశాక ఆ మాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు.

"ఎవరూ నవ్వలేదమ్మా" అన్నాడు. "ఎడంచేత్తోనే రాసింది. గుండ్రంగా రాసింది. నేను భేష్ అన్నాను."

పెద్దింట్లమ్మ మొహం విప్పారింది. ఆవిడ ఆయన భుజం మీదుగా వెనక్కి చూస్తూ, "ఇన్నారా బాబూ? మా పిల్ల ఎడం సేత్తోనే రాసిందంటండి!" అంది.

జోగేశ్వరరావు వెనక్కి తిరిగాడు. వీధి వాకిట్లో జరీ తలపాగా కనిపించింది. తాతాజీ అప్పటికే జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్సిలు నాలిక మీద తడుపుకుంటున్నాడు.

"విన్నానమ్మా" అన్నాడు. "పాపాయి శుక్రవారం ఎడంచేత్తో రాయగా చూశానని ఇన్‌స్పెక్టరుగారు చెప్పారు. జవాన్లూ, మీరిద్దరూ కూడా విన్నారుగా?"

జవాన్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత, అడిగింది తమ పాత హెడ్డుగారే గనక, విన్నామండి అన్నారు.